శనగ కోతకు ముందే ముగిసిన గడువు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. నంద్యాలలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పీ చెప్పీ గొంతు పెద్దదయింది, దానితోపాటే కోపమూ పెరిగింది. అయితే ఇక్కడ చెప్పబోయేది ఇంట్లో గిన్నెల మీద చూపించే కోపం కాదు. ఒక తారీఖు మీది కోపం. ఢిల్లీలో కూర్చుని ఎవరో పెట్టిన ఆ తారీఖు ఆళ్లగడ్డ దగ్గర మా అక్క సేద్యాన్ని మింగేసింది. నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

అక్కా బావా ఆళ్లగడ్డకు కొద్ది దూరంలో ఒక పల్లెలో ఉంటారు. మా నాయన మిషన్ బడిలో పంతులు. పిల్లలకు చదువిచ్చాడు గానీ సెంటు భూమి ఇవ్వలేకపోయాడు. ఆ చదువు నాకు అంటింది, అక్కకు అంటలేదు. ఆమెకు మట్టి మీద ప్రాణం. పెళ్ళయిన కొత్తలోనే ఒక నల్లరేగడి చేను గుత్తకు, అంటే ఏడాది కౌలుకు పట్టింది. ఆ చేను నంద్యాలలో ఉండే ఒక పెద్దాయనది, తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. ప్రతి ఉగాదికీ అక్క వెళ్ళి ఆయనతో మాట అనుకుని వస్తుంది, మళ్ళీ ఏడాది దాకా చేను ఆమెది. కాగితమంటూ ఏమీ లేదు. ఆ మాట ఉన్నన్నాళ్ళు అక్క రైతు, మాట పోయిన రోజున కూలి. ఇంతకంటే పెద్ద తేడా ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు.

ఆ చేలో అక్క వేసేది పప్పుశనగ. వానలు వెనకపట్టాక, నేలలో మిగిలిన పదును మీదే ఆ పంట పండాలి. స్వాతి కార్తెలో విత్తితే మాఘం దాటేలోపు గింజ గట్టిపడుతుంది. ఇది ఆమె అత్తగారి కాలం నుంచీ నడుస్తున్న వ్యవహారం. నేను చెబుతున్న ఏడు మాత్రం అది మారింది. ఎండలు ముదురుతున్నాయి, సేద్యం కూడా దానికి తగ్గట్టు మారాలని, దేశం మొత్తానికీ తెచ్చిన వాతావరణ విధానం కింద ఆ పల్లెకు కొత్త శనగ విత్తనం ఇచ్చారు. దానితోపాటు ఫోన్లకు మెసేజీలు. స్వాతిలో వెయ్యొద్దు, విశాఖ సగం పోనిచ్చి వెయ్యండి, నేల చల్లబడ్డాక వేస్తే తెగులు రాదు అని.

నేను ఆ విత్తనాన్ని తిట్టబోవడం లేదు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటారు. అక్కకు ఉన్న అనుమానమల్లా ఒకటే. ఆలస్యంగా వేసిన శనగకు గింజ పట్టే వేళకు ఎండ ముదిరి నేల ఆరిపోతే ఏం గతి? ఆ అనుమానం పెట్టుకునే విత్తింది, ఎందుకంటే రైతు కేంద్రంలో తగ్గించిన ధరకు దొరికింది ఆ విత్తనం ఒక్కటే. ముందరి ఏడు కూడా పంట అంతంతమాత్రమే. ఇంకో ఏడు పోతే గుత్త కట్టుకోలేక చేను వదిలేయాలి. ఆ సంగతి నాకూ తెలుసు, బావకూ తెలుసు, ఎవరమూ పైకి అనుకోలేదు.

ఇంతలో నాకు ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది. ఆ వాతావరణ విధానం సరిగ్గా నడుస్తున్నదో లేదో చూసి చెప్పడానికి ప్రభుత్వం బయటి పండితులతో ఒక స్వతంత్ర సంఘం వేసింది. ఆ సంఘానికి ఊళ్ళలో తిరిగి చూసేవాళ్ళు కావాలి. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, అవుకు వైపు నల్లరేగడి సేద్యం చూసి రాసే పని నాకు ఇచ్చారు. మా అక్క చేను కూడా ఆ లెక్కలోకే వస్తుందని ముందే చెప్పాను. పరవాలేదు, మిగతా చేలు కూడా చూస్తారు గదా అన్నారు. నేను మురిసిపోయాను. ఇన్నాళ్ళకు మా మట్టిని గురించి అడిగే నాథుడు దొరికాడు అనుకున్నాను. విత్తనం పనికొచ్చిందా లేదా అని మేం రాసేదాన్ని బట్టే మరుసటి ఏడు అదే విత్తనం, అదే మెసేజీ కొనసాగించాలా మానాలా అన్నది తేలుతుందని కూడా చెప్పారు.

అన్నీ చదువుకుంటూ పోయి చివరన గడువు చూశాను. డిసెంబరు ఆఖరు!

శనగ కోసేది ఫిబ్రవరి చివర. పంట ఎలా వచ్చిందో డిసెంబరులో చెప్పమంటున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. వెంటనే ఫోన్ చేశాను. అటువైపు మాట్లాడింది ఆ సంఘం పనులు చూసే ఒకాయన. మనవాడే, కృష్ణా జిల్లా వైపు మాట. ఎంత తిట్టినా మేడమ్ మేడమ్ అనే రకం. బడ్జెట్టు తయారయ్యేలోపు రిపోర్టు మంత్రిత్వ శాఖకు చేరాలట. అందుకని శాఖే ఆ తారీఖు పెట్టిందట. మరి మీది స్వతంత్ర సంఘం అన్నారు గదా అన్నాను. స్వతంత్రమే మేడమ్, మేం ఏం రాయాలో ఎవరూ చెప్పరు, ఎప్పటిలోగా రాయాలో మాత్రం చెప్తారు అన్నాడు. ఎంత అమాయకంగా అన్నాడో! పరీక్ష రాసే పిల్లాడి చేతికే గంట ఇచ్చి, నీకు ఇష్టమైనప్పుడు కొట్టుకో నాయనా అన్నట్టుంది.

గడువులంటే నాకు పడదని అనుకునేరు. నా దగ్గర చదివిన పిల్లల్ని అడగండి, ఒక్కరోజు ఆలస్యమైనా వ్యాసం తీసుకోను. గడువు లేని సమీక్ష ఎలా ఉంటుందో కూడా చూశాను. వెనకటికి కరువు మీద వేసిన ఒక సంఘం పని సాగీ సాగీ, రిపోర్టు వచ్చేసరికి దాన్ని వేసిన ఆఫీసరే రిటైరై పోయాడు. అదీ ఒక ఎత్తే. పని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఎన్నటికీ తెమల్చకపోవడం, రెండోది చూడాల్సింది కళ్ళబడక ముందే తెమల్చమనడం. నాకు ఏళ్ళూ పూళ్ళూ అక్కర్లేదు, ఒక్క పంట ఇంటికి రానివ్వండి అన్నాను. మీరు చూసింది రాయండి మేడమ్, ప్రాథమిక అంచనా అని పెడదాం అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే రకం!

క్రిస్మస్ వారంలో హైదరాబాదు నుంచి ఇద్దరు పరిశోధకులు వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వాళ్ళ తప్పేమీ లేదు, బిడ్డలు మర్యాదస్తులు. నంద్యాల నుంచి ముగ్గురం కలిసి వెళ్ళాం. అక్క ఇంటి ముందర నక్షత్రం వేలాడదీసింది. రొట్టెలూ టీ ఇచ్చి, పొద్దెక్కక ముందే చేలోకి తీసుకుపోయింది.

చేను చూడముచ్చటగా ఉంది. అది అబద్ధం కాదు. మంచు పట్టిన శనగాకు, అక్కడక్కడ ఊదారంగు పూత. ఆ ఆకు మీది పులుపుకు ఆ అమ్మాయి కాళ్ళు దురద పెడుతుంటే అక్క తన చీర చెంగుతో తుడిచింది. అబ్బాయి ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత చేతిలో పలక లాంటి యంత్రం పట్టుకుని అడిగాడు, కొత్త విత్తనంతో పంట ఎలా ఉందమ్మా అని. అక్క నవ్వింది. దేవుని దయ సార్, బాగుండాది అంది. సంతృప్తిగా ఉన్నారా అన్నాడు. ఉండాం సార్ అంది. అతను దాన్ని నొక్కేశాడు. పక్క చేలోనూ అంతే, గట్టు అవతలి చేలోనూ అంతే. హిందువులూ క్రైస్తవులూ ఒకే మాట. బాగుంది, బాగుంది, బాగుంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా వైపు పైరు నిలబడి ఉండగా దాన్ని గురించి చెడ్డ మాట అనరు. అంటే ఆ మాట పైరుకు తగులుతుందని భయం. మా ఊరి చర్చిలో పాస్టరుగారు ఎన్నిసార్లు అది మూఢనమ్మకమమ్మా అని చెప్పినా, కోత కానుకల ఆదివారం దాకా ఆయన కూడా ఎవరి చేను గురించీ పేరు పెట్టి అడగడు. కల్లంలో రాశి పడి, కొలత అయ్యాకే నోరు విప్పుతారు. ఆ కొలతలో కూడా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అలాంటి మనుషుల్ని పూత మీద నిలబెట్టి పంట ఎలా ఉందని అడిగితే ఏం చెప్తారు? రిపోర్టుకు కావలసిందే చెప్తారు.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పక్క ఊరికి వెళ్ళాక వంటింట్లో అక్కను పట్టుకున్నాను. పోయిన వారమే ఫోన్లో భయంగా ఉందన్నావు గదా, వాళ్ళ ముందర బాగుందని ఎందుకన్నావు అని గట్టిగానే అరిచాను. ఆమె కూర కలియబెడుతూ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"పైరు మీద ఉండంగ ఏమనమంటావే? నా నోటితో నేనే చెడుపు తెచ్చుకోవాల్నా?"

"వాళ్ళు అదే రాసుకుపోతాండారక్కా."

"రాశి పడినాక రమ్మను. ఉండేది ఉండేట్టు చెప్తా. అంతదాంక ఆగలేరా?"

ఆగలేరు. అదే నేను చెప్పలేకపోయాను.

ఆ ఇద్దరు పిల్లలకూ ఈ ఆచారం గురించి విడమరచి చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. మరి ఈ జవాబులు పనికిరావు గదా మేడమ్ అంది. పనికిరావు తల్లీ అన్నాను. నేను రాసి పంపిన దాంట్లో మొదటి వాక్యమే అది. కోత కాకముందు ఈ విత్తనం గురించి ఏమీ తేల్చలేము, రైతులు ఇప్పుడు చెప్పే 'బాగుంది' జవాబు కాదు, మార్చి దాకా గడువు ఇవ్వండి అని రాశాను. మర్యాదగా ఉండడానికి నాకు చేతనైనంత ప్రయత్నం చేశాను. ఎక్కడో ఒకచోట కారం తగిలే ఉంటుంది.

ఢిల్లీ ఆయన ఫోన్ చేశాడు. ఈసారి మేడమ్‌లు తగ్గాయి. దేశమంతటా ఇలాంటి పంటలున్నాయి, ఒకరి కోత డిసెంబరు, ఇంకొకరిది ఏప్రిల్, అందరికోసం ఆగితే రిపోర్టే ఉండదు అన్నాడు. బడ్జెట్టు దాటితే దాన్ని చదివే దిక్కుండదు, అసలు సమీక్షే లేకపోవడం కంటే ఇది నయం గదా, గుడ్డి కన్నా మెల్ల మేలు అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు, అందుకే ఇంకా మండింది. మెల్లకన్ను అయితే సగమన్నా కనపడుతుంది బాబూ, మీరు కళ్ళు మూసుకుని చూశామని చెప్తున్నారు, అది గుడ్డి కంటే అన్యాయం అన్నాను. గుడ్డివాడు కనపడలేదని ఒప్పుకుంటాడు. బడ్జెట్టు ఎప్పుడొస్తుందో ఈ దేశంలో పసిపిల్లాడికి కూడా తెలుసు, అలాంటప్పుడు సమీక్షను అంతకుముందు ఏడే మొదలుపెట్టి, ఒక పంట కాలం పూర్తిగా చూసేటట్టు గడువు పెట్టుకోవడానికి ఏమొచ్చింది అని అడిగాను. నా అభ్యంతరాన్ని రిపోర్టు వెనక వచ్చే అనుబంధంలో చేరుస్తానన్నాడు.

మాఘం సగం కాకముందే గాలి తిరిగింది. నేను నంద్యాలలో క్లాసు చెప్తూ కిటికీలోంచి ఆ వేడిగాలి తగలగానే చాక్‌పీసు పక్కన పెట్టేశాను. పిల్లలకు అర్థం కాలేదు. ఆ విత్తనం పైకి ఏపుగా పెరిగింది, పూత నిలిచింది, కాయ పట్టింది. గింజ ఊరాల్సిన రోజుల్లో నేల నెర్రెలు విచ్చింది. కాయ నొక్కితే లొట్టగా శబ్దం. అప్పటికి కూడా ఫోన్ చేస్తే అక్క బాగుందే అనేది. ఆ గొంతు విని నేను ఫోన్ పెట్టేసి ఏడ్చిన రోజులున్నాయి.

మిషన్ వచ్చి నూర్చి వెళ్ళాక ఆమే ఫోన్ చేసింది. మామూలుగా వచ్చేదాంట్లో సగానికి కూడా తక్కువ. గింజ చిన్నది, వ్యాపారి మొహం చిట్లించాడట. అన్నీ చెప్పి, "ఇప్పుడు రాసుకోమనే వాళ్ళను. ఇప్పుడు నిజం చెప్తాండా" అంది.

అప్పటికే రిపోర్టు వచ్చేసింది. గడువులోగా పని పూర్తి చేసినందుకు సంఘాన్ని మెచ్చుకున్నారు కూడా. పేపర్లో జిల్లా పేజీలో వార్త పడింది, వాతావరణాన్ని తట్టుకునే విత్తనంతో ఆళ్లగడ్డ వైపు రైతులు సంతోషంగా ఉన్నారని. పక్కన మంచు పట్టిన చేలో నవ్వుతూ నిలబడిన అక్క ఫోటో. నేను రాసిన మాటలు ఎక్కడున్నాయో వెతికాను. కంప్యూటరులో తప్ప దొరకని ఒక అనుబంధంలో, 'కొంత కాలానుగుణ అనిశ్చితి ఉండవచ్చు' అని ఒక ముక్క. నా అరుపులన్నీ ఆ ముక్కలోకి కుదించారు. పైగా సహకరించిన వారికి కృతజ్ఞతలు అంటూ నా పేరు మొదటి పేజీలో వేశారు. చేతికి అందినట్టయితే ఆ పేజీ చించి పొయ్యిలో పెట్టేదాన్ని.

ఉగాది ముందర అక్క నంద్యాలకు వచ్చింది, చేను మాట అనుకోవడానికి. గుత్త ఈ ఒక్క ఏడు తగ్గించమని అడగాలని అనుకుంది. నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన చెడ్డవాడు కాదు. మజ్జిగ ఇప్పించాడు, బావ ఆరోగ్యం అడిగాడు. అక్క పంట సంగతి చెప్పడం మొదలుపెట్టగానే పక్కనున్న పేపరు తీసి ముందర పెట్టాడు.

"ఏమ్మా, బాగా పండిందని ఢిల్లీ వాళ్ళే రాసినారు గదా. బొమ్మ గూడా నీదే. నేను గుత్త పెంచుదామని చూస్తాంటే నువ్వు తగ్గించమంటావే?"

అక్క ఆ ఫోటో వైపు చూసింది. నేను అందుకున్నాను. అది పూత మీద తీసిన ఫోటో అనీ, కోత తర్వాత ఎవరూ వచ్చి చూడలేదనీ, కావాలంటే ఇంట్లో ఉన్న గింజలు తెచ్చి చూపిస్తామనీ చెప్పాను. ఆయన నిదానంగా విన్నాడు.

"నువ్వు గూడా ఆ కమిటీలో ఉండావంట గదమ్మా. అప్పుడు బాగుందని, దుడ్లు ఇచ్చే కాడికి వచ్చేసరికి బాగలేదంటే ఎట్ల? ఏది నమ్మాల నేను?"

నేను వేరేగా రాశానని అరిచాను. యాడ రాసినావమ్మా, చూపించు అన్నాడు. చూపించడానికి ఏముంది? ఫోన్లో ఆ అనుబంధం వెతికాను. ఆ ఒక్క ముక్క ఆయనకు చదివి వినిపించినా ఏం అర్థమవుతుంది, రాసి పంపిన నాకే అర్థం కానిది! ఆయన పెంచిన గుత్తకు పట్టేవాడు అవుకు వైపు నుంచి ఒకడు సిద్ధంగా ఉన్నాడట. అక్క మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది. సరేలే పెద్దయ్యా, వానికే ఇయ్యి అంది. పెళ్ళయిన కొత్త నుంచీ దున్నిన చేను అంతటితో అయిపోయింది.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. అక్క ఏడవలేదు. బాధంతా నా మీదికి కోపంగా తిప్పినా బాగుండేది, అదీ చెయ్యలేదు. నేనే పైరు మీద ఉండంగ నిజం చెప్పింటే సరిపోయిండేది అని తనను తానే తిట్టుకుంటోంది. ఆమె తప్పు కాదు. ఆమె నమ్మకం ఆమెది, దాన్ని తెలుసుకుని అడగాల్సినవాళ్ళు తెలిసీ అడగలేదు. అక్కడే, బస్సుల హారన్ల మధ్య, ఢిల్లీకి ఫోన్ కలిపాను. మా అక్క చేను పోయిందయ్యా అన్నాను. ఎందుకు పోయిందో కూడా చెప్పాను, ఆయాసపడుతూ, అందరూ తిరిగి చూస్తున్నా సరే. అతను నిజంగానే బాధపడుతూ, సారీ మేడమ్, గడువుల గురించి మీరు చెప్పింది తరువాతి సమీక్షలో తప్పకుండా పెడతాం అన్నాడు. అది ఎప్పుడు అని అడిగాను. చెప్పాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఏమంటాడే అంది అక్క.

"మళ్ళీ ఐదేండ్లకు చూస్తారంటక్కా. అప్పుడు కోత అయ్యేదాకా ఆగుతారంట."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"రెండు నెల్లు ఆగల్యాకపోయినోళ్ళు, నన్ను మాత్రం ఐదేండ్లు ఆగమంటాండారా?"